తప్పటడుగుల పిల్లలతో చెట్టూ పుట్టా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాది నిండి, మూడేళ్లు ఇంకా నిండని పిల్లలను ఆరుబయట తిప్పేవాళ్లకు వచ్చే సందేహాలివి. కొన్ని ఇతరులు నన్ను అడిగినవి, కొన్ని నన్ను నేనే అడుగుకున్నవి. ఇద్దరు పిల్లలను ఈ వయసు దాటించాను. మొదటిసారి సంచి బరువు ఎక్కువ, ఓపిక తక్కువ. రెండోసారికి అది తారుమారైంది. వైద్యం సంగతి వచ్చిన ప్రతిచోటా మీ పిల్లల డాక్టరు మాటే చివరి మాట.

ఏ వయసు నుంచి మొదలుపెట్టవచ్చు?

చంకలో ఉన్న పిల్లకు కూడా ఆకులు కదలడం కనిపిస్తుంది కాబట్టి దీనికి మొదలంటూ ఏమీ లేదు. కాకపోతే సొంతంగా అడుగులు వేయడం వచ్చాక వ్యవహారం మారుతుంది. ఎక్కువమంది పిల్లలు 9 నుంచి 18 నెలల మధ్య నడక అందుకుంటారు. అంతవరకూ మనం చూపించింది చూసిన పిల్ల, ఆ రోజు నుంచి తనకు కావలసింది తానే వెతుక్కుంటుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ రోజు తర్వాతి సంగతి.

మా దగ్గరలో అడవి, కొండ, చెరువు ఏవీ లేవు. ఎక్కడికి తీసుకెళ్లాలి?

రెండేళ్ల పిల్ల ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లు. కళ్లు ఇంకాస్త కింద. మీరొకసారి నేల మీద గొంతుక్కూర్చుని చుట్టూ చూడండి. గోడ పగులులో మొలిచిన మొక్క, చెట్టు మొదట్లో పెచ్చులూడిన బెరడు, పక్కకు దొర్లించిన రాయి కింద తడి, రాలిన ఆకు మీద పురుగు తిన్న చిల్లులు: ఆ ఎత్తులో ప్రపంచం చాలా కిక్కిరిసి ఉంటుంది. దూరపు దృశ్యాలు పిల్లలకు పట్టవు. మా పెద్దమ్మాయిని ఒకసారి పనిగట్టుకుని కొండ ఎక్కించాం. లోయంతా కనిపించే చోట నిలబెట్టి ‘చూడు, చూడు’ అంటుంటే, తను వంగి కంకర ఏరుకుంది.

రోజుకో కొత్త చోటు వెతకడం కన్నా ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడం మేలు. మనకు విసుగు పుడుతుంది, వాళ్లకు పుట్టదు. ఒకే కథను పదిసార్లు చెప్పమనే వయసు అది. వీధి చివర ఒక చెట్టును ‘మన చెట్టు’ అనుకుని రోజూ పలకరించి రండి. చిగురు వేసినప్పుడు, పూత రాలినప్పుడు, కొమ్మ విరిగినప్పుడు, ఆ తేడా మీకన్నా ముందు పిల్లే పట్టేస్తుంది.

ఎంత దూరం నడిపించాలి?

దూరం లెక్క మానేయండి. ఈ వయసు పిల్లలతో వెళ్లినప్పుడు నడిచేది తక్కువ, ఆగేది ఎక్కువ. మొదట్లో ఇది నాకు మింగుడుపడలేదు. మా అబ్బాయికి ఇరవై నెలలప్పుడు ఒక సాయంత్రం పార్కుకు బయల్దేరాం. గేటు దాటామో లేదో, మెట్టు పక్కన చీమల బారు కనిపించింది. వాడు అక్కడే చతికిలబడ్డాడు. చీమలు పగులులోంచి ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. కొన్ని ఎదురు వెళుతున్నాయి. ఎదురుపడిన ప్రతిసారీ మీసాలు ఆనించుకుని, ఒక్క క్షణం ఆగి, తప్పుకుంటున్నాయి. ఒకటి తనకన్నా పెద్ద రెక్క ముక్కను వెనక్కి నడుస్తూ ఈడ్చుకుపోతోంది.

వాడు వేలితో బారుకు అడ్డంగా గీత గీశాడు. అంతే, బారు తెగిపోయింది. ఇటువి ఇటు, అటువి అటు నిలిచి తచ్చాడాయి. చీమలు నేల మీద వదిలిన వాసన జాడను పట్టుకుని నడుస్తాయి. వాడి వేలు ఆ జాడను చెరిపేసింది. కాసేపటికి ఒక చీమ తెగించి గీత దాటింది. దాని వెనక ఇంకొకటి. బారు మళ్లీ కలిసింది. వాడు మళ్లీ గీశాడు. ఏడెనిమిది సార్లు ఇదే తంతు. ఇరవై నిమిషాలు గడిచాయి. పార్కు మర్నాటికి వాయిదా పడింది. అందులో మొదటి అయిదు నిమిషాలు నేను ‘పద, పద’ అంటూ పాడుచేశాను.

అందుకే చేరవలసిన చోటు అంటూ పెట్టుకోకండి. పెట్టుకున్నా అది మీ మనసులో ఉంచుకోండి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: ఈ పిల్లలకు అలసట మెల్లగా రాదు, ఒక్కసారిగా కూలబడతారు. పిల్లలో హుషారు ఇంకా మిగిలి ఉండగానే వెనక్కి తిరగండి.

రోజుకు ఎంతసేపు బయట ఉండాలి?

బయట ఇంతసేపు ఉండాలని గట్టి లెక్కేమీ లేదు. అయితే 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదేళ్ల లోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల్లో, ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా ఒళ్లు కదిలించాలని ఉంది. ఒకేసారి మూడు గంటలు కాదు, పొద్దుటి నుంచి రాత్రి దాకా ముక్కలుముక్కలుగా. తోపుడు బండిలోనో కుర్చీలోనో వీపు మీదో కట్టేసి ఒక విడతకు గంట మించి ఉంచవద్దని కూడా అందులోనే చెప్పారు. ఇంట్లో ఆ 180 నిమిషాలు నింపాలంటే సోఫాలు, మంచాలు, మన నడుములు అన్నీ అరగాలి. బయట అవి వాటంతట అవే నిండిపోతాయి.

కళ్లకు కూడా ఇది మంచిదే. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించడం, మొదలయ్యే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. వెలుగును లక్స్ అనే కొలతలో లెక్కిస్తారు. ఇంట్లో దీపాల వెలుగు కొన్ని వందల లక్స్ ఉంటే, పగటిపూట బయట పది వేల లక్స్‌ను సులువుగా దాటుతుంది. మన కళ్లు సర్దుకుపోతాయి కాబట్టి అంత తేడా ఉందని మనకు తెలియదు.

ఏ వేళ మంచిది?

పిల్ల కడుపు నిండి, నిద్ర తీరి ఉన్న వేళ. దీన్ని మించిన ముహూర్తం లేదు. ఏడాది, రెండేళ్ల వయసులో పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. నిద్రవేళను మింగేసే షికారు ఎంత గొప్పదైనా ఏడుపుతోనే ముగుస్తుంది.

ఎండ సంగతికి వస్తే, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉంటాయి. గడియారం లేకపోతే నీడను చూసుకోండి: మన నీడ మనకన్నా పొట్టిగా ఉందంటే చెట్టు నీడకు చేరాల్సిన వేళ అని అర్థం. చిన్నపిల్లల ఒంటి బరువుకు చర్మం విస్తీర్ణం ఎక్కువ, చెమట పట్టడం తక్కువ. అందుకే మనకు ‘కాస్త వేడిగా’ అనిపించే గాలి వాళ్లను తొందరగా కందగడ్డను చేస్తుంది. ఎండ తగలకుండా తోపుడు బండి మీద దుప్పటి కప్పేవాళ్లున్నారు. దానివల్ల లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరుగుతుంది. ఆ పని చేయకండి. పార్కులో ఇనుప జారుడుబల్ల మీద పిల్లను కూర్చోబెట్టే ముందు మీ చెయ్యి ఆనించి చూడండి.

వెంట ఏమేం తీసుకెళ్లాలి?

నీళ్లు. టోపీ. ఒక జత బట్టలు. డైపర్లు వాడుతుంటే రెండు. తినడానికి ఏదైనా. చేతులు తుడవడానికి తడిగుడ్డ. ఎండ ఉంటే ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న సన్‌స్క్రీన్ బయల్దేరే ముందే రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పొడుగు చేతుల పలచని నూలు చొక్కా ఉంటే రాయవలసిన మేర తగ్గుతుంది.

ఇక ఆటవస్తువులు. ఒక ఖాళీ డబ్బా చాలు. భూతద్దం కొనాలనిపిస్తుంది, నేనూ కొన్నాను. రెండేళ్ల లోపు పిల్లలకు దాన్ని ఏ దూరంలో పట్టుకోవాలో తెలియదు. మా ఇంట్లో అది చాలాకాలం మట్టి తవ్వే గరిటెగా బతికింది. మూడేళ్లకు దగ్గరపడ్డాక దాని అసలు ఉద్యోగం దానికి దక్కింది.

పది అడుగులు వేయగానే ఎత్తుకోమంటాడు. ఏం చేయాలి?

ఎత్తుకోండి. కాసేపు. ఎత్తుకున్నాక నడవకుండా ఒకచోట నిలబడండి, కొమ్మ ఒకటి అందేలా చూడండి. రెండు నిమిషాల్లో కిందికి దించమని కాళ్లు ఆడిస్తాడు. అప్పటికీ దిగకపోతే నిజంగా అలసిపోయాడన్నమాట.

కనిపించినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. భయమేస్తోంది.

ఈ వయసులో నోరు కూడా ఒక చెయ్యే. వస్తువు మెత్తనా, గట్టిదా, చల్లగా ఉందా అన్నది నోటితోనే తేల్చుకుంటారు. మామూలుగా రెండేళ్లు దాటేసరికి ఇది చాలావరకు తగ్గుతుంది. అంతవరకూ రెండు ప్రమాదాల మీద కన్ను ఉండాలి: గొంతుకు అడ్డుపడటం, విషం.

బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టండి. ఆ సున్నాలోంచి జారిపోయే గులకరాయి, గింజ, కాయ ఏదైనా గొంతుకు అడ్డుపడేదే అనుకోండి. అరచేతిలో పట్టనంత రాళ్లు, పొడుగాటి పుల్లలు, పెద్ద ఆకులు చేతికిస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది. పుల్ల నోట్లో పెట్టుకుని పరుగెత్తనివ్వకండి.

ఏదైనా అడ్డుపడి పిల్ల దగ్గలేక, ఏడవలేక గిలగిల్లాడుతుంటే ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలితో లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. అది బయటపడే దాకా, లేదా సహాయం అందే దాకా మార్చి మార్చి చేస్తూ ఉండాలి. పిల్ల స్పృహ తప్పితే పద్ధతి వేరు, గుండె మీద నొక్కడం మొదలుపెట్టాలి. ఇది ఏడాది నిండినవాళ్ల పద్ధతి. వస్తువు కనిపించకుండానే నోట్లో వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. దీన్ని చదివి నేర్చుకోవడం కన్నా ఒకసారి ప్రథమ చికిత్స తరగతికి వెళ్లి బొమ్మ మీద చేసి నేర్చుకుంటే, ఆ క్షణంలో చేతులు వణకవు.

మట్టిలో ఆడితే జబ్బులు రావా?

ఈ ప్రశ్న మీద ఇళ్లలో రెండు పక్షాలుంటాయి. ఒకరు మట్టి తగిలితే చాలు జ్వరమంటారు, ఇంకొకరు మట్టి తింటేనే గట్టిపడతారంటారు. నిజం రెండింటికీ మధ్యలో ఉంది.

ఫిన్లాండ్‌లో శిశు సంరక్షణ కేంద్రాల మీద జరిపిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. కొన్ని కేంద్రాల కంకర పెరట్లలో అడవి నేల, పచ్చిక పరిచి, 3 నుంచి 5 ఏళ్ల పిల్లలను రోజూ వాటిలో ఆడనిచ్చారు. 28 రోజుల్లోనే ఆ పిల్లల చర్మం మీద సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన కొలతలు కూడా మెరుగైన వైపు కదిలాయి. వాళ్లు మన పిల్లలకన్నా కాస్త పెద్దవాళ్లు, పరిశోధన చిన్నది. అయినా మట్టి శత్రువు కాదనడానికి అది మంచి ఆధారం.

అలాగని అన్ని మట్టీ ఒకటి కాదు. కుక్కలు, పిల్లులు మలవిసర్జన చేసే ఇసుక, మురుగు పారే చోటు, పురుగుమందు చల్లిన తోట, పాత రంగు పెచ్చులు రాలిన గోడ పక్క నేల: వీటికి దూరం. ఆట అయ్యాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగడం, గోళ్లు పొట్టిగా ఉంచడం, టీకాలు వేళకు వేయించడం, ముఖ్యంగా ధనుర్వాతం టీకా. ఈ మూడూ ఉంటే మిగతాది స్నానం చూసుకుంటుంది.

ఒకసారి మట్టి రుచి చూస్తే అది కుతూహలం. రోజూ వెతుక్కుని మరీ తింటుంటే డాక్టరుకు చూపించండి. దాని వెనక ఇనుము లోపం ఉండవచ్చు.

చెప్పులు లేకుండా నడవనివ్వవచ్చా?

శుభ్రమైన గడ్డి మీద, మీరు ముందే కళ్లతో ఊడ్చిన నేల మీద నడవనివ్వండి. నేల తెలిస్తే అడుగు కుదురుగా పడుతుంది. మనుషులు బహిర్భూమికి వాడే చోట్ల మాత్రం వద్దే వద్దు. పేగుల్లో బతికే కొంకి పురుగుల (హుక్‌వర్మ్) పిల్లలు అలాంటి మట్టిలోంచి పాదాల చర్మం గుండా ఒంట్లోకి చేరతాయి.

గడ్డి తగిలితేనే ఏడుస్తోంది. ప్రకృతి అంటే పడదేమో?

పడకపోవడం కాదు, కొత్త. గడ్డి గుచ్చుతుంది, చక్కిలిగిలి పెడుతుంది, ఒక్కో పోచ ఒక్కోలా కదులుతుంది. నునుపు గచ్చు మీద పెరిగిన పాదానికి అది గందరగోళమే. గడ్డి పక్కన దుప్పటి పరిచి మీరు కూర్చోండి. మీ చెయ్యి గడ్డిలో పెట్టి ఆడించండి. పిల్ల తనంతట తాను ఒక కాలు బయట పెట్టేదాకా ఆగండి. ఎత్తి గడ్డిలో దించి ‘ఏం కాదులే’ అంటే మరో నాలుగు వారాలు వెనక్కి పోతారు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

ఏ మొక్కలతో జాగ్రత్తగా ఉండాలి?

గన్నేరు అన్నిటికన్నా ముందు. ఆకు, పువ్వు, కొమ్మ, పాలు అన్నీ విషమే. పైగా అందం కోసం పార్కుల్లో, రోడ్ల మధ్యన వరసగా పెంచుతారు. ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు, గురివింద గింజలు కూడా అంతే. గురివింద ఎర్రగా, నల్లబొట్టుతో పిల్లల కోసమే చేసినట్టుంటుంది. నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. జిల్లేడు కొమ్మ తుంచినప్పుడు కారే పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. వయ్యారిభామ తగిలి కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.

ఈ జాబితా బట్టీ పట్టడం కన్నా ఒకే నియమం పెట్టుకోవడం నయం: చెట్టు నుంచి ఏదీ నేరుగా నోట్లోకి వెళ్లదు, ముందు అమ్మకో నాన్నకో చూపించాలి. తినదగిన పండైనా సరే. రెండేళ్ల బుర్రలో మినహాయింపులు పట్టవు. అప్పటికీ ఏదైనా మింగితే వాంతి చేయించకండి. ఆ మొక్క కొమ్మ ఒకటి తుంచుకుని, పిల్లతో పాటు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇన్ని వద్దుల మధ్య ఒక ‘అవును’ కూడా చెప్పాలి. అత్తిపత్తి కనిపిస్తే వదలకండి. ముట్టుకోగానే ఆకుల మొదళ్లలోని ఉబ్బు కణాల నుంచి నీరు తప్పుకుని రెక్కలన్నీ జంటలుజంటలుగా ముడుచుకుపోతాయి. కాసేపు పోతే మళ్లీ విచ్చుకుంటాయి. కాడకు ముళ్లుంటాయి కాబట్టి పిల్ల వేలు పట్టుకుని ఆకు కొసనే తాకించండి. మా అబ్బాయి దానికి ‘బజ్జో మొక్క’ అని పేరు పెట్టి, విచ్చుకునేదాకా పక్కనే కూర్చుని గుసగుసగా మాట్లాడేవాడు.

పురుగులను ముట్టుకోనివ్వాలా?

కొన్నిటిని. వానపాము, నత్త, చిన్న పెంకు పురుగులు ఫరవాలేదు, తర్వాత చేతులు కడిగితే చాలు. వానపాము చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది, అది తడిగా ఉండాలి. అందుకే ముందు పిల్ల అరచేతిని నీళ్లతో తడపండి. బొచ్చు గొంగళిని చూడటమే, దాని నూగు గుచ్చుకుంటే దురద మంట పుడుతుంది. జెర్రి, తేలు, కందిరీగ జోలికి వద్దు. పుట్టలో వేలు పెడితే ఏమవుతుందో చీమే చెబుతుంది.

ఇక్కడ తలెత్తే అసలు సమస్య వేరు: ప్రేమతోనే నలిపేస్తారు. రెండేళ్ల చేతికి ‘మెల్లగా’ అన్న మాట అర్థం కాదు, చేసి చూపించాలి. నేను ముందు మా వాడి ముంజేతి మీద ఒక్క వేలితో, ఈక ఆనినట్టు రాసేవాణ్ని. ‘ఇలా’. తర్వాత వాడు నా చేతి మీద. ఆ తర్వాతే నత్త. అయినా ఒకటి రెండు నత్తలు బలైపోయాయి. ‘చచ్చిపోయింది, ఇక కదలదు’ అని ఉన్నమాట చెప్పాను. తిట్టలేదు.

నాకే పురుగులంటే వెగటు. ఎలా?

కెవ్వుమనకుండా ఉంటే చాలు. భయపడాలా వద్దా అన్నది ఈ వయసు పిల్లలు మన ముఖం చూసి నిర్ణయించుకుంటారు. ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, ‘నేను ఇక్కడి నుంచి చూస్తాను’ అనండి. అబద్ధపు ధైర్యం అక్కర్లేదు.

నాకు చెట్ల పేర్లు, పిట్టల పేర్లు తెలియవు. పిల్లకు ఏం చెప్పాలి?

కనిపించేది చెప్పండి. ‘నల్ల పిట్ట. తోక ఊపుతోంది. ఎగిరిపోయింది.’ రెండేళ్లకు రెండు మాటలు కలిపే పిల్లకు ఇంతకన్నా మంచి పాఠం లేదు. ఒక కిటుకు మాత్రం ఉంది: మీరు చూస్తున్న దాని పేరు కాదు, పిల్ల చూస్తున్న దాని పేరు చెప్పాలి. చూపు ఎక్కడుంటే మాట అక్కడ పడితే అది అతుక్కుంటుంది. పిల్ల గులకరాయి చూస్తుంటే మీరు నెమలిని చూపించినా వృథా. అవును, నెమలినైనా.

మాటలు మరీ ఎక్కువైనా చెడుపే. ‘ఇది ఏ రంగు? ఎన్ని ఉన్నాయి?’ అంటూ పరీక్ష పెట్టేవాళ్లను పార్కుల్లో చూస్తుంటాను. పిల్ల ముఖంలో ఆకు మాయమై జవాబు వెతుకులాట వచ్చి కూర్చుంటుంది.

వాన పడితే ఇంట్లోనే ఉండాలా?

ఉరుము వినిపిస్తే ఇంట్లోనే. చివరి ఉరుము తర్వాత ఇంకో 30 నిమిషాలు కూడా. చెట్టు కింద నిలబడటం రక్షణ కాదు, ప్రమాదం. ఉరుములు లేని సన్నటి జల్లు అయితే తడవనిచ్చి, రాగానే తుడిచి బట్టలు మార్చండి. వాన వెలిశాక అయితే తప్పకుండా వెళ్లండి. నత్తలు, వానపాములు పైకి వస్తాయి, సాలెగూళ్లకు చుక్కలు వేలాడుతుంటాయి, నేల వాసనే మారుతుంది. వర్షపు గుంటలో గంతులు వేయడానికి ముందు దాని లోతు మీ కాలితో చూడండి. మురుగు కలిసిన నీళ్లు, మూత లేని కాలువ దగ్గరి నీళ్లు వద్దు.

చెరువు గట్టుకు, వాగు దగ్గరికి తీసుకెళ్లవచ్చా?

చెయ్యి చాస్తే అందేంత దూరంలో మీరు ఉంటే. అంతకన్నా ఒక్క అడుగు దూరమైనా వద్దు. ఇంతసేపూ ఓపిక పట్టండి, ఆగండి, వాళ్లను వాళ్ల దారిన వదలండి అని చెబుతూ వచ్చాను. నీళ్ల దగ్గర అవేవీ వర్తించవు. అయిదు సెంటీమీటర్ల నీటిలో కూడా చిన్నపిల్లలు మునిగిపోతారు. తల బరువు ఎక్కువ, బోర్లా పడితే లేవలేరు. కేకలు, చేతులు కొట్టుకోవడం ఉండవు, నిశ్శబ్దంగా జరిగిపోతుంది. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ఉన్నప్పుడు ప్రతివాళ్లూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. అందుకని ‘ఇప్పుడు నువ్వు చూడు’ అని పేరు పెట్టి అప్పగించండి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు.

దోమలు, తేనెటీగల సంగతి?

ఒళ్లంతా కప్పే పలచని బట్టలు మొదటి రక్షణ. దోమలు కుట్టకుండా రాసే మందుల్లో డీట్ (DEET) అనే రసాయనం ఉన్నవి రెండు నెలలు దాటిన పిల్లలకు వాడవచ్చు. నిమ్మ యూకలిప్టస్ నూనె ఉన్నవి మూడేళ్ల లోపు వద్దు. ఏదైనా మీ అరచేతిలో వేసుకుని రాయండి. పిల్ల అరచేతులకు, కళ్ల దగ్గర, నోటి దగ్గర రాయకండి. తేనెటీగ కుడితే ముల్లును ఎంత తొందరగా తీస్తే అంత మంచిది, గోటితోనా పట్టకారుతోనా అన్న మీమాంస అక్కర్లేదు. తర్వాత చల్లటి గుడ్డ. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా అప్పటికప్పుడు ఆసుపత్రికి.

పాములు, కుక్కలు?

ఎత్తుగా పెరిగిన గడ్డి, రాళ్ల కుప్పలు, బొరియలు, ఎండుటాకుల గుట్టలు: వీటిలో పిల్ల చెయ్యి, కాలు పెట్టనివ్వకండి. రాయి తిప్పాలంటే మీరే తిప్పండి, అవతలి అంచు పట్టుకుని మీ వైపుకు లేపండి. అప్పుడు కింద ఉన్నది మీకు ఎదురుగా రాకుండా అటు పోతుంది. పాము కాటు వేస్తే బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు; పిల్లను నడవనివ్వకుండా, కాటు పడిన భాగం కదలకుండా ఎత్తుకుని వెంటనే ఆసుపత్రికి చేరాలి. కుక్క కరిచినా, గోరు గీరుకున్నా 15 నిమిషాల పాటు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, గాయం చిన్నదే కదా అనుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చెట్టు, రాయి ఎక్కనివ్వాలా?

తానే ఎక్కగలిగినంత ఎత్తు ఎక్కనివ్వండి. ఎత్తి కూర్చోబెట్టకండి. సొంతంగా ఎక్కిన పిల్లకు దిగడం ఎలాగో ఒళ్లు చెబుతుంది. మీరు కింద, చెయ్యి తాకీ తాకనట్టు.

ఫొటోలు తీయడం తప్పా?

తప్పేమీ కాదు. మొదటి రెండు నిమిషాల్లో తీసేసి ఫోను సంచిలో పడేయండి. ‘ఇటు చూడు, నవ్వు’ అన్న మాట వినగానే పిల్ల చూస్తున్న పురుగు పారిపోతుంది.

ఇంటికి రమ్మంటే నేల మీద దొర్లి ఏడుస్తాడు.

రెండేళ్ల పిల్లకు ‘ఇంకో పది నిమిషాలు’ అంటే గాలి మాట. పనులతో చెప్పండి: ‘ఇంకో రెండు రాళ్లు నీళ్లలో వేసి వెళదాం.’ తర్వాత ఒక్కొక్కదానికీ వీడ్కోలు. చెట్టుకు టాటా, చీమకు టాటా, చెత్తకుండీకి కూడా టాటా. ఇది అయిదు నిమిషాలు తింటుంది, కానీ ఏడుపు తినే అరగంట మిగులుతుంది. చేతిలో ఏదో ఒకటి పట్టుకుని రానివ్వండి. వట్టి చేతులతో రమ్మంటేనే పేచీ.

ఆ తెచ్చిన రాళ్లు, పుల్లలు ఏం చేయాలి?

గుమ్మం పక్కన ఒక బుట్ట. అది నిండితే పిల్లతోనే మోయించి దొరికిన చోట పోసి రావడం. రాలినవే తేవాలి, కోసినవి కాదు. గూళ్లు, గుడ్లు ముట్టుకోకూడదు. రక్షిత అడవుల్లో అయితే రాయి కూడా తేకుండా అక్కడి నియమం అడిగి తెలుసుకోండి.

ఇంటికి రాగానే చేతులు, కాళ్లు కడిగి, స్నానం చేయిస్తూ చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల మడతల్లో, తల వెంట్రుకల మొదళ్లలో పిడుదుల్లాంటివి పట్టుకున్నాయేమో చూడండి. బట్టలు ఉతకడానికి వేసే ముందు జేబులు తప్పక తడమండి. మా ఇంట్లో ఒకసారి నిక్కరు జేబులోని నత్తగుల్ల ఉతికే యంత్రంలో గంటసేపు తిరిగి, మెరుగు పెట్టినట్టు తెల్లగా బయటికి వచ్చింది. గుల్ల ఖాళీదే, ముందే చెబుతున్నాను. వాడు దాన్ని గుర్తుపట్టలేదు. కొత్తది దొరికిందనుకుని మళ్లీ జేబులో వేసుకున్నాడు.